పద్నాలుగో ప్లాటులో నీళ్లు

మొన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోను ఒక్కసారిగా అంబులెన్సులా మోగింది. పెరుగు పోసుకుంటున్న చెయ్యి అదిరి సగం పెరుగు బల్ల పాలైంది. చూస్తే, సాయంత్రం మా జిల్లాలో అతి భారీ వర్షమట, పని లేకుండా బయటికి పోవద్దట, సర్కారు వారి సందేశం. నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో వాన సంగతి వానే చెప్పుకునేది. ఇప్పుడు ముందు ఫోను ఉరుముతుంది, తర్వాత మబ్బు ఉరుముతుంది. తిట్టుకుంటూనే బల్ల తుడిచి, కొంగు నడుముకు చుట్టి లేచాను. రిటైరై పదకొండేళ్లయినా ఎవరైనా పని పురమాయిస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది, పురమాయించింది ఫోనైనా సరే.

వాన ముందు ఈ ఇంటికి చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. వరుస తప్పితే నాకు తోచదు. ముందు స్లాబు ఎక్కి, నీళ్లు పోయే రంధ్రాల దగ్గర పేరుకున్న ఆకు తీసెయ్యాలి. గుప్పెడు ఆకు అడ్డం పడినా చాలు, పడకగది గోడ మీద కొత్త జిల్లా పటం వెలుస్తుంది. తర్వాత మోటరు వేసి ట్యాంకు నింపాలి, మా దగ్గర మొదటి ఉరుముకే కరెంటు పోతుంది కనుక. వెనక తలుపు కింద ఇసుక నింపిన సిమెంటు సంచులు పెట్టాలి. అవి నీళ్ల కోసం కంటే, నీళ్లకు భయపడి లోపలికి దూరే తేళ్ల కోసం. బియ్యం డబ్బా స్టూలు ఎక్కించి, గేటుకు గొలుసు కట్టి, అప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని పెద్దచెరువు దిక్కు చూస్తూ కూర్చోవాలి. ముందు గాలి వస్తుంది, చల్లగా, కాస్త పాచి వాసనతో. వెనకాల ఖాళీ ప్లాట్ల మీదుగా వాన తెల్లగా నడిచి వస్తుంది. అది మా గేటు తాకడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నేను చెప్పగలను. మధ్యలో దానికి అడ్డం పడే ఇల్లు ఒక్కటీ లేదు.

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే వస్తుంది మా వెంచర్. అరవై ప్లాట్లు, ఒక్క ఇల్లు. ఆ ఒక్కటీ నాదే, పదమూడో నంబరు. నేను పెళ్లి చేసుకోలేదు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. రిటైరయ్యాక సొంత ఇంట్లో ఉండాలని, రెండేళ్లలో చుట్టూ వీధి తయారవుతుందని, సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవడానికి మనుషులుంటారని కట్టుకున్నాను. అందరం ఎండాకాలంలోనే కదా ప్లాట్లు చూశాం. షామియానా కింద కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ పోస్తే నేల ఎత్తుపల్లాలు ఎవరు చూస్తారు? పటంలో పార్కు అని ఆకుపచ్చ రంగు పూసిన చోట ఈ రోజుకీ తుమ్మచెట్లే ఉన్నాయి. నా ఇల్లు కట్టిన మేస్త్రి మాత్రం ఈ ఊరివాడు. పునాది తీసిన రోజే, "టీచరమ్మా, గిది ఒర్రె పారిన జాగ. మూడు ఫీట్లు లేపకుంటే తిప్పలైతది" అన్నాడు. లేపించాను. వానకాలపు వాగు పారిన చోటన్న ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వాన పడితే నా ఫోను మోగేది. మామూలు రోజుల్లో నేనున్నానో పోయానో ఎవరికీ పట్టదు గానీ, టీవీలో ఎర్ర అక్షరాలు కనిపించగానే ఏ మూలనో ఉన్న ప్లాట్ల వాళ్లందరికీ నేను గుర్తొచ్చేదాన్ని. వాళ్ల పేర్లు నాకు సరిగా తెలియవు, నంబర్లే. తొమ్మిదో నంబరాయన, ముప్పై రెండో నంబరు దంపతులు. అందరిదీ ఒకటే ప్రశ్న, మా ప్లాటులో నీళ్లు నిలిచాయా అని. గొడుగు, కర్ర తీసుకుని పోయి చూసి వచ్చి, ఒక్కొక్కరికీ చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు పండగ. ఆరోగ్యాలు అడిగేదాన్ని, పిల్లల చదువులు అడిగేదాన్ని, ఇల్లు ఎప్పుడు మొదలుపెడతారని అడిగేదాన్ని. మోకాలి లోతు నీళ్లను చీలమండ లోతు అని, రెండు రోజులు నిలిచినవాటిని గంటలో పోయాయని చెప్పేదాన్ని. భయపెట్టడం ఎందుకులే అనుకునేదాన్ని. భయపెడితే ఎవరూ రారన్నది అసలు సంగతి.

పద్నాలుగో నంబరు, అంటే నా గోడ పక్కది, ఒక దర్జీ పని చేసే ఆమెది. జల్‌పల్లిలో అద్దెకుండేది, భర్త లారీ మీద పోతే వారాల తర్వాత వచ్చేవాడు. ఆదివారం పూట బస్సు దిగి, బస్టాండులో మిర్చి బజ్జీలు కట్టించుకుని, ప్లాటు చూడ్డానికి వచ్చేది. ఖాళీ నేలను చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? అయిదు నిమిషాలు చూసి, మిగతా పూటంతా నా వరండాలో కూర్చునేది. నా జాకెట్ల చంకలు ఎప్పుడూ పట్టేస్తాయని మొదటిసారి కనిపెట్టింది ఆమే. నలభై ఏళ్లు నేను బిగుతు జాకెట్లతోనే పాఠాలు చెప్పాను, ఆ చిరాకంతా పిల్లల మీద చూపించి ఉంటాను పాపం. చెల్లె అని పిలిచేదాన్ని. ఇల్లు ఎట్లా కట్టాలో చేతులతో గాలిలో గీసి చూపించేది. "వంటింటి కిటికీ నీ కిటికీకి ఎదురుంగ పెట్టిస్త అక్కా. కూర గిన్నె చెయ్యి చాపి అందుకోవచ్చు" అనేది. ముందు గది వాళ్లత్తకు. ఆ పెద్దావిడకు కాళ్లు రావు, మంచం మీదే అన్నీ. నేను శనివారం నుంచే ఆదివారం కోసం చూసేదాన్ని.

ఒక ఏడు వానాకాలంలో వాళ్లు ఇల్లు మొదలుపెట్టడానికి శుక్రవారం ముహూర్తం పెట్టుకున్నారు. సోమవారం మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రానికి గానీ తెరిపి ఇవ్వలేదు. కర్ర పట్టుకుని బయటికి పోయాను. ఒర్రె తన పాత దారి వెతుక్కుంటూ వచ్చేసింది. పద్నాలుగో నంబరు హద్దుకు పాతిన రాతి కడీల కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. మట్టినీళ్లలో ఎవరిదో చెప్పు ఒకటి తిరుగుతోంది. లోతు చూద్దామని దిగితే మోకాలు దాటింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అక్కా, మన ప్లాట్ల నీళ్లు నిలిచినయా?"

చీర కుచ్చిళ్లు తడుస్తూ ఆ నీళ్లలోనే నిలబడి, "లేవు చెల్లె. జర తడిసింది, గంతే" అన్నాను.

"మస్తు ఫికరైంది అక్కా. నువ్వున్నవ్ గాబట్టి ధైర్యం నాకు" అంది ఆమె.

ఇంట్లోకి వచ్చి కాళ్లు కడుక్కున్నాను. పిల్లలు చిన్న అబద్ధం ఆడినా బెంచీ ఎక్కించిన మనిషిని. మరుసటి రోజు నిజం చెబుదామని ఫోను తీసి మళ్లీ పెట్టేశాను, ఆ మరుసటి రోజూ అంతే. వాళ్లూ పునాది లేపుకుంటారులే, ఇల్లంటూ లేచాక అన్నీ సర్దుకుంటాయిలే అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. ఎదురెదురు కిటికీలు కళ్ల ముందు కనిపిస్తుంటే చెప్పబుద్ధి కాలేదు. గురువారానికి నీళ్లు ఇంకిపోయాయి. ఎండ కాసింది. నేల పైపైన పగుళ్లిచ్చి ఏమీ ఎరగనట్టు ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె కొత్త చీర కట్టుకుని, తమ దిక్కు మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకు ఈ నేల సంగతి తెలియదు. కొలతలు వేసి, సున్నంతో ముగ్గు పోయడం మొదలుపెట్టాడు. నేను గోడ దగ్గర నిలబడి చూస్తున్నాను. ముందు గది గీత కలవగానే ఆమె లోపలికి అడుగుపెట్టి, "గిక్కడ అత్తమ్మ మంచం అక్కా. గడప ఎత్తు పెట్టొద్దని చెప్పిన, చక్రాల కుర్చీ తిరగాలె గద" అంది. ఆ మంచం నాకు కనిపించింది. దాని చుట్టూ నీళ్లు కూడా కనిపించాయి.

"ముగ్గు ఆపుండ్రి" అన్నాను. "సోమవారం గిక్కడ నా మోకాలు దాటి నీళ్లున్నయ్."

మేస్త్రి సున్నం గంప కింద పెట్టి పక్కకు చూశాడు. ఆమె నా ముఖం చూసింది.

"ఫోన్ల లేవన్నవ్ గదక్కా."

"అవ్. అన్న."

"ఎందుకన్నవ్?"

"చెప్తే నువ్వు రావని."

అరిస్తే బాగుండేది. తిట్టినా పడేదాన్ని. ఆమె వచ్చి నా మెట్ల మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, కొట్టని కొబ్బరికాయను సంచిలో వేసుకుంది. పోతూ పోతూ మేస్త్రితో, "పా అన్నా, బస్సు పోతది" అంది. నాలుగైదు వానలకు ఆ సున్నపు గీతలు కూడా పోయాయి. ఆమె ఆదివారాలు రావడం మానేసింది. వాళ్లు వేరే దిక్కున, ఎత్తు మీద, ఒక పాత ఇల్లు చూసుకున్నారని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఉన్న లోతు ఉన్నట్టే చెబుతున్నాను. దాంతో ఫోన్లు తగ్గాయి. కొందరు అమ్ముకున్నారు. కొన్నవాళ్లూ ఎండాకాలంలోనే వచ్చి చూశారు, నా గేటు మాత్రం తట్టలేదు. మరుసటి వానాకాలంలో ఒక పెద్ద వాన రోజు ఆమె ఫోను వచ్చింది. పేరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నీ ఇంట్లకు నీళ్లొచ్చినయా అక్కా?"

"రాలేదు చెల్లె."

"నిజంగనేనా?"

"నిజంగనే."

"పైలం అక్కా" అని పెట్టేసింది. జాగ్రత్తగా ఉండమన్న ఆ మాటతో నా కడుపు నిండాల్సింది. నిజంగానే ఇంట్లోకి చుక్క నీరు రాలేదు, సంచులు కూడా తడవలేదు. అయినా ఆమె నమ్మలేదేమోనని, మళ్లీ ఫోను చేసి ఆ సంగతి చెప్పాలనిపించి, ఏ ముఖంతో చెప్పాలో తెలియక, చీకటి పడేదాకా వరండాలో కూర్చున్నాను.

ఆ ఫోను వచ్చి నాలుగు వానాకాలాలు గడిచాయి. మొన్నటి వానకు ఇద్దరే ఫోను చేశారు, ఇద్దరూ కొత్తవాళ్లే, నా సంగతేమీ తెలియనివాళ్లు. లోతు చెప్పాక, వాళ్లు అడక్కపోయినా, "నిజంగనే" అని నేనే చేర్చాను. ఇన్నేళ్లుగా అట్లాగే చేరుస్తున్నాను.