సీసాలో తగ్గిన మందు

మా ల్యాబ్ బాబాయ్ పోయారని మంగళవారం పొద్దున నేను మద్దిలపాలెం బస్టాపులో ఉండగా ఫోన్ వచ్చింది. గుండెపోటు. ఎక్కాల్సిన బస్సు వదిలేసి కంచరపాలెంలో ఆయన ఇంటికి ఆటో ఎక్కాను.

ఆయన శాస్త్రవేత్త కాదు, మా ల్యాబ్‌లో అసిస్టెంటు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం నుంచి వచ్చారు. క్యాన్సర్ కణాలను సీసాల్లో పెంచడం నాకు నేర్పింది ఆయనే. దేన్నీ ఒక్కసారికి నమ్మేవారు కాదు. మిషన్ చూపించిన అంకెను నమ్మరు, సీసా మీది లేబుల్‌ను నమ్మరు. చేతులు కడుక్కున్నానంటే, "ఏదీ, సూపించమ్మా" అనేవారు.

నా పరిశోధన ఒక కొత్త మందు మీద. అది క్యాన్సర్ కణానికి శక్తి అందకుండా చేస్తుందా అన్నదే ప్రశ్న. ల్యాబ్ చూడనివారికి చెబుతాను: కణంలో శక్తి ఎంతుందో కనుక్కోవడానికి మిణుగురు పురుగులో ఉండే పదార్థం కలుపుతాం. శక్తి ఉంటే వెలుగుతుంది, తగ్గితే మసకబారుతుంది. మందు వేసిన ప్రతిసారీ వెలుగు పడిపోయింది. నేను పొంగిపోయాను.

"ఇంత బాగా వచ్చిందా? ఇందులో ఏటో ఉన్నాది" అన్నారు బాబాయ్.

ఆ వారమే ఫ్రిజ్‌లో మందు తగ్గుతోందని అనుమానం వచ్చి, సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. మర్నాటికి మందు గీత కిందికి దిగింది. ఫ్రిజ్ తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉంటాయి. అప్పుడు బాబాయ్ భార్యకు రొమ్ము క్యాన్సర్, చికిత్స నడుస్తోంది. మనుషులకు ఇంకా ఇవ్వని మందు అది. ఆమెకు పట్టిస్తున్నారేమో అనుకున్నాను. అడిగే ధైర్యం లేక మూడు రోజులు ఆయన సంచీ వంక దొంగచూపులు చూశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు పొద్దున ఏడింటికే ల్యాబ్‌కు వెళ్ళాను. ఆయన మిషన్ ముందున్నారు, పక్కన నా మందు సీసా.

"బాబాయ్, పిన్నికి పట్టుకెళ్తున్నారా?"

ఆయన కోపగించుకోలేదు. "ఇచ్చీద్దుననే అనుకున్నానమ్మా. రెండుసార్లు జేబులో కూడా ఎట్టుకున్నాను. ఇచ్చే ముందు సూసుకోవాల కదా? ఇలారా, సూడు."

అసలు కణాలే వేయలేదాయన. శక్తినిచ్చే పదార్థాన్ని విడిగా తీసుకుని, మిణుగురు పదార్థం కలిపి, మందు చుక్క వేశారు. వెలుగు పడిపోయింది. మందు ఆర్పుతున్నది ఆ వెలుగునే, కణంలోని శక్తిని కాదు. తరువాత కణాలు శక్తి తయారీకి ఆక్సిజన్ ఎంత పీలుస్తున్నాయో కూడా కొలిచాం. మందు వేసినా మామూలుగానే పీలుస్తున్నాయి.

"ఎవుల మీదైనా అనుమానమొస్తే మొకం మీదే అడిగీ. మూడ్రోజులు మోసుకు తిరక్కు" అన్నారు.

నాకు రెండేళ్ళ పని పోయింది. ఆయనకు ఏం పోయిందో అడగలేకపోయాను. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. వేరే మందుతో మొదటి నుంచి మొదలుపెడితే, ప్రతి కొలతా రెండు దారుల్లో సరిచూసి నిలబెట్టింది ఆయనే. పిన్నికి ఆసుపత్రి వాళ్ళ మామూలు చికిత్సతోనే నయమైంది.

కంచరపాలెం ఇంట్లో పిన్ని గోడకానుకుని కూర్చుంది. కోడలు ఆమె రోజూ వేసుకునే మాత్రల షీటు, నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఆయన సదవకుండా ఏదీ ఇచ్చీవోరు కాదు" అంది పిన్ని నాతో.

పిన్నికి చదువు రాదు. ఆ షీటును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ముందుకు, వెనక్కి తిప్పి చాలాసేపు చూసింది. అప్పుడు ఒక మాత్ర తీసి వేసుకుంది.