వేదిక మీద మిడ్‌ఫీల్డర్

మా ఫ్యాక్టరీకి బ్రెజిల్ నుంచి ఫుట్‌బాల్ ఆటగాడు వస్తున్నాడని తెలిసిన రోజే అతన్ని చూసుకునే పని నా నెత్తిన పడింది. నేను హెచ్‌ఆర్‌లో పని చేస్తాను. ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో ముట్టుకోకూడదన్న దాకే నా జ్ఞానం. పోర్చుగీసు ముక్క రాదు. నేనే ఎందుకని మా జనరల్ మేనేజర్‌ను అడిగితే ఆయన జాలిగా చూశారు.

"మీరు క్రిస్టియన్స్ గదమ్మా. ఆయన గూడ క్రిస్టియనే. మీకు మీకు సమజైతది. జెర సూస్కో."

మా నాన్న జిన్నారం దగ్గర బడిపంతులు, మా తాత వరి పండించిన రైతు. మాకు బ్రెజిల్‌లో చుట్టాలున్నారని ఆ రోజే తెలిసింది.

సంగతేమిటంటే, మా వైపు ఫ్యాక్టరీలన్నీ కలిసి ఏటా ఒక ఫుట్‌బాల్ కప్పు పెడతాయి. పోయినేడాది పక్క మందుల కంపెనీ వాళ్లు హైదరాబాద్‌లో చదువుకునే ఆఫ్రికా కుర్రాళ్లను ట్రైనీలని చెప్పి దింపి, కప్పు ఎత్తుకుపోయారు. మా ఓనరుకు అన్నం సహించలేదు. కాలుష్యం నోటీసు వచ్చినప్పుడు కూడా ఆయన శుభ్రంగా భోంచేశారు. "బ్రెజిలోణ్ణి తెస్త" అన్నారు, తెచ్చారు. కాగితాల మీద అతను సాంకేతిక సలహాదారు.

కారు దిగిన మనిషి సన్నగా ఉన్నాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది, మోకాలికి పట్టీ ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కారులోకి తొంగి చూసి, "గీయననేనా మేడం? ఇంకెవరన్న లోపలున్నరా?" అని అడిగాడు.

కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు కిరాయికి అడిగితే ఇంటి ఓనరు బ్యాచిలర్లకు ఇవ్వనన్నాడు. నలభైకి దగ్గర పడిన మనిషి ఫోన్‌లో పెళ్లి ఫొటో తీసి చూపించాల్సి వచ్చింది. ఫొటోలో భార్యను చూసి కూడా, "ఆమె ఎప్పుడొస్తది?" అని గుచ్చి గుచ్చి అడిగాకే తాళం చేతికిచ్చాడు.

ఆదివారం బీరంగూడలోని మా చర్చికి తీసుకెళ్లాను. కొత్త మనిషి కనిపిస్తే మా పాస్టరుగారు ఊరుకోరు, లేపి సాక్ష్యం చెప్పమంటారు. దేవుడు తన జీవితంలో చేసిన మేలు గురించి చెప్పాలన్నమాట. అతను నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో తన ఉద్యోగ చరిత్ర చెప్పాడు. నేను తెలుగు చేశాను. పోర్చుగల్‌లో రెండో డివిజన్‌లో ఆడాడట. సంఘం "స్తోత్రం" అంది. అక్కడి నుంచి సైప్రస్. "స్తోత్రం." కువైట్, వియత్నాం, మాల్దీవులు, బంగ్లాదేశ్. ప్రతి దేశానికీ ఒక స్తోత్రం. ఒకచోట క్లబ్బు మూతపడింది, "హల్లెలూయ." ఇంకోచోట మోకాలు చితికి ఆపరేషన్ అయింది, ముందు వరుస పెద్దమ్మలు చప్పట్లు కొట్టారు. చివర్లో పాస్టరుగారు, ఇన్ని దేశాల్లో పరిచర్య చేసిన దైవజనుడు మన మధ్యకు రావడం మన భాగ్యమని చెప్పి, పిల్లల్ని వరుసలో నిలబెట్టి వాళ్ల తలల మీద అతని చేత చేతులు పెట్టించారు. ఆయన మత ప్రచారకుడు కాడండీ, మిడ్‌ఫీల్డర్ అని చెప్పాను. "ఏదైతేనేం తల్లీ, సేవే గద" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఇన్ని దేశాలెందుకు తిరిగావని అడిగాను. టీములో అందరూ నన్ను అక్కా అంటారని, నాకంటే పెద్దవాడై ఉండి కూడా అతనూ అక్కా అనేవాడు.

"గోల్ కొట్టేవాణ్ణి ఉంచుకుంటారు అక్కా. గోల్ ఆపేవాణ్ణీ ఉంచుకుంటారు. నేను మధ్యలో ఉంటాను. ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి ఇస్తాను. సీజన్ అయ్యాక నేనేం చేశానో ఎవరికీ గుర్తుండదు."

ఓనరుకూ కార్మికులకూ మధ్య కూర్చుని జీతం తీసుకునే నాకు ఆ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు. తరవాత అసలు విషయం చెప్పాడు. ఫైనల్ చూడటానికి గోవా క్లబ్బు మనిషి ఒకతను వస్తున్నాడు. నచ్చితే ఇంకో సీజన్ ఆడిస్తాడు. లేకపోతే ఆట ఇంతటితో సరి. "నాకు ఇంకో పని రాదు" అన్నాడు. ఆ క్షణం నుంచి, ఏమిటో, ఆ ఫైనల్ నాది కూడా అయిపోయింది.

మా టీము అంతా బాయిలర్ దగ్గరా, ప్యాకింగ్‌లోనూ పనిచేసేవాళ్లు. బంతి దొరికితే ప్రహరీ అవతలికి తన్నడమే వాళ్లకు తెలుసు. "పాస్, అన్నా, పాస్" అని అతను బతిమాలి బతిమాలి, సెమీఫైనల్ నాటికి వాళ్లను ఒకరి మొహం ఒకరు చూసుకునేలా చేశాడు. గెలిచాం కూడా. ఓనరుకు మాత్రం తృప్తి లేదు. "ఈయన గోల్ ఎయ్యడేందమ్మా? మనమీద ఏమన్న కోపమా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

ఫైనల్ పొద్దున పదింటికి, మా ఫ్యాక్టరీ గేటు ఎదుటి మైదానంలో. గోవా మనిషి ముందే వచ్చి షామియానా కింద కూర్చున్నాడు, నేనే చాయ్ ఇచ్చాను. ముఖ్య అతిథి అయిన నాయకుడు పన్నెండు దాటాక దిగాడు. రెండింటి షిఫ్టు సైరన్ మోగితే రెండు టీముల ఆటగాళ్లూ పనిలోకి పోవాలి. మైకు పట్టుకున్నతను గొంతు సవరించుకుని, బ్రెజిల్ దేశం నుంచి విచ్చేసిన అతిథిని వేదికనలంకరించమన్నాడు.

పాపం, కరచాలనమేమో అనుకుని ఎక్కాడు. దండ వేశారు, శాలువా కప్పారు, నాయకుడి పక్కన కుర్చీ వేశారు. ప్రసంగం మొదలైంది. నేను జనరల్ మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను.

"సార్, ఆయన ఆడాలె."

"ఆడుతడు తియ్యమ్మా. పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యల లేపుతమా? ఫారినర్‌ను కింద నిలబెడితే మన ఇజ్జత్ ఏం గావాలె?"

రెఫరీ అవతలి కంపెనీ షిఫ్టు ఇన్‌చార్జి. గడియారం చూసుకుని ఈల ఊదేశాడు. ఇతని బదులు మా క్యాంటీన్ సూపర్‌వైజర్ దిగి, పొట్ట పట్టుకుని పరుగెత్తాడు. వేదిక మీద ఇతను లేవబోయినప్పుడల్లా నాయకుడు ఆప్యాయంగా భుజం నొక్కి "బైఠో, బైఠో" అన్నాడు. కార్మిక సంఘాల వాళ్లు ఒక్కొక్కరే ఎక్కి శాలువా మీద శాలువా కప్పారు, ఆ ఎండలో. అతని కళ్లు మాత్రం బంతి వెంటే తిరుగుతున్నాయి. పట్టరాని కోపం వచ్చింది నాకు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని వేదికెక్కి, అతని చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చాను. మైకు ఒక్కసారి ఆగిపోయింది. జనరల్ మేనేజర్ మొహం నేను చూడలేదు.

మైదానంలోకి దిగాడు. బంతి కాలికి తగిలింది. తల కూడా ఎత్తకుండా అటు తిరిగి, ముగ్గురి మధ్య నుంచి ఇటు పంపాడు. బంతి మెత్తగా వెళ్లి, గోల్ ముందు ఒంటరిగా ఉన్న మా బాయిలర్ ఆపరేటర్ పాదం దగ్గర ఆగింది. నాకు ఆట రాదు, కానీ ఒళ్లు పులకరించింది. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. ఆపరేటర్ బంతిని చూశాడు, గేటు వైపు చూశాడు. "హాఫ్ డే జీతం కట్ అయితది సార్" అని దండం పెట్టి పరుగెత్తాడు. రెండు టీములూ అతని వెనకే పోయాయి.

గోవా మనిషి అప్పటికి నాయకుడితో సెల్ఫీ దిగుతున్నాడు. తరవాత నా దగ్గరికొచ్చి హిందీలో మెచ్చుకున్నాడు. మనిషి వేదిక మీద ఎంత హుందాగా కూర్చున్నాడో చూశాడట. వాళ్ల క్లబ్బు కార్యక్రమాలకు అలాంటి విదేశీ మొహం కావాలట. ఆడక్కర్లేదట.

ఆ మాట మావాడికి చెప్పాను. "నా పాస్ చూశాడా?" అని అడిగాడు.

"చూడలేదు. నేను చూశాను."

తలూపాడు. ఆ ఉద్యోగానికి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు అప్పుడప్పుడు ఫొటోలు పంపుతాడు. ఏదో ఒక ప్రారంభోత్సవం, మెడలో దండ, సూటు మీద శాలువా, పక్కన ఎవరో పెద్దమనిషి. పెద్దది చేసి చూస్తే, సూటు కింద ఆట బూట్లే ఉంటాయి, లేసులు బిగించి. ఎవరైనా దిగమంటారేమోనని. ఎవరూ అనరు. అక్కడ చెయ్యి పట్టుకుని లాగడానికి నేను లేను.