తీగలు నా చేతిలో ఉండగా మోగిన గంట

దయ్యాల కబుర్లంటే నాకు మొదటి నుంచీ విసుగే. రైల్వేలో గంటలు, తాళాలు బాగుచేసిన పనివాణ్ణి. గంట మోగిందంటే వెనకాల తీగ ఉండాలి, అంతే.

పందొమ్మిది వందల యాభైల చివర్లో మహబూబ్‌నగర్ అవతల ఒక చిన్న స్టేషన్‌లో ఉన్నాను. రెండు వైపుల బండ్లకూ ఒకటే పట్టా. ఇటో టోకెన్ పెట్టె, పక్క స్టేషన్‌లో ఇంకోటి, మధ్య తీగ. ఒక స్టేషన్ మాస్టర్ అడిగితే రెండో మాస్టర్ ఒప్పుకోవాలి. అప్పుడే డ్రైవరుకిచ్చే టోకెన్ బయటికొస్తుంది, బండి కదులుతుంది.

ఆ ఎండాకాలం కొత్త జబ్బు పట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి మీట నొక్కి అడిగితే రెండు పెట్టెలూ బిగుసుకునేవి. ఎవరో ఒకరు వదిలితేనే రెండోవాడికి తెరుచుకుంటుంది. ఎవరూ వదలరు. విప్పీ బిగించీ నా ప్రాణం విసిగిపోయింది.

ఒక మధ్యాహ్నం అదే గోల. మా ప్యాసింజర్‌లో ఒకమ్మాయి కాన్పు నొప్పులు పడుతోంది, జిల్లా దవాఖానకు పోవాలి. అటు గూడ్సు ఆగి ఉంది. ఫోను పలకదు.

"సారూ, జర దయుంచున్రి, బిడ్డ పాణం పోతాంది" అని ఆమె తండ్రి ఏడుస్తున్నాడు.

"గూడ్సును ముందుగాల రానియ్యాల్నా? నేనైతే ఇడువ" అంటూ మా మాస్టర్ మీట మీంచి చెయ్యి తీయడు.

లోపం వెతుకుదామని పెట్టె తెరిచి గంట తీగలు ఊడదీశాను. అవి నా చేతిలో ఉండగానే గంట మోగింది. ఒకటి. ఆగి, రెండు.

'నేను తగ్గాను, నువ్వు కానివ్వు' అని చెప్పడానికి మా ఉస్తాద్ ఒక్కడే అలా కొట్టేవాడు; దాని అర్థం ఆ లైన్‌లో మాస్టర్లందరికీ తెలుసు. నాకు పని నేర్పిన మనిషి. అంతకు ముందు ఏడాదే చనిపోయాడు.

మాస్టర్ నా చేతిలోని తీగలు చూసి నోరు తెరిచాడు. ఈసారి మమ్మల్నే తగ్గమంటున్నాడనిపించి, "ఇడువున్రి సార్" అన్నాను. వదిలాడు. తీగలు బిగించేసరికి అటు నుంచి గూడ్సుకు అడిగారు, ఒప్పుకున్నాం. అది రాగానే ప్యాసింజర్ వెళ్ళిపోయింది. ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని సాయంత్రానికి కబురొచ్చింది. అమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాను.

మర్నాడు అటు స్టేషన్‌కు వెళ్ళి అడిగాను.

"తగ్గుతున్నమని మీరే గద గంట కొట్టిన్రు! గందుకే నేను అడిగిన" అన్నాడు అక్కడి మాస్టర్.

తర్వాత మా పెట్టెలో చిన్న ఇత్తడి బిళ్ళ బిగించాను. ఇద్దరూ ఒకేసారి అడిగితే మాది తనంతట తానే తగ్గుతుంది. ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

ఆ గంట ఎలా మోగిందో ఇప్పటికీ తెలియదు. బండ్లు లేని మధ్యాహ్నాలు కొన్నిసార్లు తీగలు ఊడదీసి, చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఉస్తాద్ ఇంకొక్కసారి కొడతాడేమోనని. కొట్టలేదు.