వీదక్క లాక్కున్న గది

టైంటేబుల్ వెయ్యడం తప్ప వీదక్కకి లోకంలో ఇంకో సరదా లేదని మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. అసలు పేరు విదొసావా. మా హైస్కూలుకి వైస్ ప్రిన్సిపాలు. నేను అక్కడే జీవశాస్త్రం చెబుతాను.

ఆ ఏడాది ఆవిడ సరదా కాస్తా తీరిపోయింది. నది అవతల ఉన్న రెండో హైస్కూలు గోడలు బీటలు వారాయని దాన్ని పడగొట్టి, అక్కడే కొత్త బడి కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా వాళ్ళ పిల్లలూ మా పిల్లలూ ఒకే కప్పు కింద సర్దుకోవాలి. ఒక వారం మేము పొద్దున, వాళ్ళు మధ్యాహ్నం. పై వారం తారుమారు. రెండు పూటల బడి మాకు కొత్త కాదు, మా అమ్మా నాన్నా కూడా అలాగే చదువుకున్నారు. ఈసారి వచ్చిన చిక్కల్లా ఏ పూటకీ గదులు చాలకపోవడం. కొత్త బడేమో స్తంభాల దగ్గరే ఆగింది. మేయరు వచ్చి దాని ముందు ఫొటో దిగి, ఇంకో ఆర్నెల్లంటే ఆర్నెల్లని చెప్పి పోయేవాడు.

మధ్యాహ్నం పూట పడిన వారం కొండ మీది ఊళ్ళ పిల్లలు నానా అగచాట్లు పడేవాళ్ళు. బడి వదిలేసరికి చీకటి పడేది, ఆఖరి బస్సు అప్పటికే వెళ్ళిపోయేది. అక్టోబరులో ఇద్దరు ఆడపిల్లలు ఇక మా వల్ల కాదని చదువు మానేశారు. వీదక్క ఆ ఊళ్ళకి స్వయంగా వెళ్ళి ఇద్దర్నీ వెనక్కి తెచ్చింది. కొండ ఊళ్ళ పిల్లలందర్నీ ఒకే తరగతి చేసి, ఇకమీదట వాళ్ళకి ఎప్పుడూ పొద్దున పూటే అంది. మరి గది ఏదీ? మర్నాడు మేము వెళ్ళేసరికి టీచర్ల గదిలో గోడకి నల్లబల్ల బిగిస్తున్నారు, మా బల్లా కప్పులూ మెట్ల కింద చీపుళ్ళు పెట్టే మూలకి చేరిపోయాయి.

మా టీచర్ల గదిలో ఎవరి కప్పు వారిది, ఎవరి కుర్చీ వారిది. పొరపాటున కూడా ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. హీటరు పక్క కుర్చీ ఫిజిక్సు చెప్పే మిలోయేది. వీదక్క కూతురి బాప్తిస్మానికి పసిదాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డ కూమ్ అతను. మాలో కూమ్ అంటే సొంత అన్నదమ్ముల కన్నా ఎక్కువ.

"ఏంటి వీదా, మమ్మల్ని మెట్ల కింద పడేస్తావా? మేమేమన్నా చీపుళ్ళమా?" అని మిలోయే విరుచుకుపడ్డాడు.

"చీపురు రోజూ పనికొస్తుంది మిలోయే. ఆ కుర్చీలో కూచుని కాఫీ తాగడం తప్ప నువ్వు దేనికి పనికొస్తున్నావు?" అంది వీదక్క, అందరి ముందూ.

మిలోయే విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆమెతో ఒక్క మాట లేదు. మేము కూడా అతని పక్షమే. మెట్ల కింద చలిగాలికి నా మోకాళ్ళు పట్టేస్తుంటే నాకు బస్సు దొరకని పిల్లల మీద జాలెక్కడ పుడుతుంది?

డిసెంబరులో వీదక్క ఇంటి స్లావా వచ్చింది, వాళ్ళ ఇంటి దేవుడు సెయింట్ నికొలస్ పండగ. స్లావాకి ఎవర్నీ పిలవరు. పిలిస్తే నువ్వు పరాయివాడివని మొహం మీద చెప్పినట్టే. ఎంత కోపంలో ఉన్నా వెళ్ళకపోతే ఇక తెగిపోయినట్టే. అంత తెగింపు లేక మేమంతా లోపల గొణుక్కుంటూనే వెళ్ళాం. గుమ్మంలో నిలబడి తలో చెంచా తీపి గోధుమలు తిని బల్ల చుట్టూ కూర్చున్నాం. మాంసం, పాలు ముట్టని ఉపవాసపు రోజులు కాబట్టి చేప, బీన్సు, ప్లమ్ సారా. బల్ల మీద వెలుగుతున్న పండగ కొవ్వొత్తి పక్కన కూమ్ కూర్చునే చోటు మాత్రం ఖాళీగా ఉంది.

బయట పొద్దుటి నుంచీ మంచు. చీకటి పడింది. కొవ్వొత్తి పొట్టిదైపోయింది.

"ఇంక ఆర్పేస్తానే," అన్నాడు ఆమె భర్త గ్రాదిమిర్, వైను గ్లాసు పట్టుకుని. ఇంటాయన దాన్ని వైనుతో ఆర్పితే పండగ అయిపోయినట్టే.

"కాసేపాగు," అంది వీదక్క. నావైపు తిరిగి, "నోరు జారానే. వెళ్ళి కాళ్ళు పట్టుకుందామన్నా స్లావా రోజు ఇంటావిడ గడప దాటకూడదాయె," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

అంతలో తలుపు చప్పుడైంది. మిలోయే! మోకాళ్ళదాకా మంచు, చేతులు గ్రీజు.

"నీ బస్సు రాలేదు," అన్నాడు వస్తూనే.

"నా బస్సేంటి?"

"ఏ బస్సు కోసం మా గది లాక్కున్నావో ఆ బస్సే! మంచుకి కొండెక్కలేదట. ఇంటికి పోతుంటే స్టాండులో పిల్లలు కోడిపిల్లల్లా ముడుచుకుని నిలబడున్నారు. వాళ్ళని నా డొక్కు కారులో వేసుకుని కొండ ఎన్ని సార్లు ఎక్కానో దిగానో నాకే తెలీదు. పై ఊళ్ళో బండి దిగబడితే వాళ్ళ నాన్నలొచ్చి తోశారు."

అతను గోధుమలు ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు.

"నిజం చెప్పాలంటే ఈ ఏడు నీ గడప తొక్కకూడదనే అనుకున్నాను. ఆఖరి ట్రిప్పులో ఒక పిల్లనడిగాను. చదువు మానేసి మళ్ళీ వచ్చిందే, ఆ పొడుగు పిల్ల. బెంచీకి ముగ్గురేసి ఇరుక్కుని కూచుంటారు కదా, హీటరు పక్కన నా కుర్చీ ఖాళీగా ఉంటే ఒక్కరూ కూచోరేమే అన్నాను. 'అది మిలోయే సార్ చోటు, మీరు ఆయనింటికి వచ్చిన చుట్టాలు, జాగ్రత్త అని మొదటి రోజే వీదా మేడమ్ చెప్పారు సార్' అంది."

వీదక్క తలొంచుకుంది. "రేపు ఆ కుర్చీ నీకు మెట్ల కిందికి తెప్పిస్తాను," అంది మెల్లగా.

"అక్కర్లేదు. కొత్త బడి కట్టేదాకా నువ్వే కూచోమని ఆ పిల్లతో చెప్పేశాను. పాపం, దాని బూట్లు ఎప్పుడూ తడిసే ఉంటాయి." అని కొవ్వొత్తి పక్కన తన చోట్లో కూలబడ్డాడు. "ఇంతకీ చేప తలకాయ ఎవరు తినేశారు?"

"ఎవరు తింటారు, అది నీదైతే," అంటూ వీదక్క వంటింట్లోకి పరిగెత్తింది.