పంటికీ నీటికీ పందెం

పునాది రాళ్ళు పరీక్షించే ల్యాబులో ఇరవై ఏళ్ళు పనిచేశాను. మట్టిరాయి ముక్క చేతికొస్తే ముందు పంటికింద పెట్టేవాణ్ణి. కరకరమంటే అందులో సన్నటి ఇసుక ఉన్నట్టు, జిగురుగా అంటుకుంటే ఒట్టి బంకమన్నన్నట్టు. "నీ పళ్ళే మా మెషీను" అనేవాడు సూరత్ పక్కన హజీరాలో మా మేనేజరు. కరోనా వచ్చి మూతికి మాస్కు పడేసరికి నా విద్య మూలపడింది.

అప్పుడే చేరింది ఆ అమ్మాయి. బమ్రోలిలో మగ్గాలమీద బతికే తెలంగాణ వాళ్ళ బిడ్డ, చదువంతా సూరత్‌లోనే. రాయి ముక్కను నీళ్ళ గ్లాసులో వేసి, ఎంతసేపు నిలుస్తుందో చూసేది. "ఎండినప్పుడు ప్రతి రాయీ పహిల్వానే సార్. నీళ్ళల్ల ఏస్తెనే అసలు సంగతి తెలుస్తది" అనేది. మేనేజరు తల ఊపేవాడు. నాకు ఒళ్ళు మండేది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! పైగా ల్యాబు పెద్దాయన రిటైరవుతున్నాడు, ఆ కుర్చీ నాదేనని ఇంట్లో చెప్పేసుకున్నాను.

ఒక ట్యాంకు పునాది కోసం తవ్వి తీసిన రాయి దగ్గర మాకు మాట కలవలేదు. ఎవరూ లేనప్పుడు మాస్కు దించి కొరికాను. కరకరలాడింది. మెషీనులో నొక్కినా గట్టిగానే నిలిచింది. "బ్రహ్మాండమైన రాయి, ఈ లోతు చాలు" అన్నాను.

"చాలదు సార్" అంది. "ఒకప్పుడు లోతుల నొక్కుకపోయి గట్టివడ్డది. మీదున్న మన్నంత కొట్టుకపోయినంక బరువు తగ్గి లోపల సన్నగ పగిలింది. ఇసుక నడుమ ఉబ్బే బంకమన్ను గూడ ఉంది. పగుళ్ళల్లకి నీళ్ళు పోతే ఆగది."

నిన్నగాక మొన్న వచ్చి నాకు పాఠాలా! మేనేజరు మాత్రం రేపు గ్లాసు చూసి రిపోర్టు రాద్దామన్నాడు. ఆమె ముక్క నీళ్ళలో వేసి ఇంటికి వెళ్ళింది. అదే సాయంత్రం కేసులొచ్చాయని వాళ్ళ వీధి మూసేశారు.

పొద్దున ల్యాబులో నేనొక్కణ్ణే. రాయి లేదు. గ్లాసు అడుగున బురద ఉంది. ఫోన్లో మేనేజరు, "ఏమైంది?" అన్నాడు. మీ దగ్గర దాచడం దేనికి, ఫోను చెవిన పెట్టుకునే గ్లాసును సింకుదాకా తీసుకెళ్ళాను. పారబోస్తే చూసినవాడు లేడు. కానీ ఆ ట్యాంకు పక్కన రోజంతా పనిచేసే మనుషులు కళ్ళముందు మెదిలారు. గ్లాసు తెచ్చి మళ్ళీ బల్లమీద పెట్టాను.

"కరిగిపోయింది. ఆ అమ్మాయి చెప్పిందే నిజం" అన్నాను.

తర్వాత ఆమెకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

"అయ్యో! రాయి నిలవాలె, మీ మాటనే గెలవాలె అని రాత్రి మొక్కుకున్న సార్" అంది. "ఇన్నేండ్ల అనుభవం గద మీది."

రాయి నిలవాలని నేనూ మొక్కుకున్నాను. అంటే ఇద్దరిదీ ఒకటే మొక్కు. ఆమె నా కోసం మొక్కింది, నేనూ నా కోసమే మొక్కాను. సిగ్గేసింది. అయినా నా కుళ్ళు వదల్లేదు, చివరికి ఆమె మంచితనం మీద కూడా ఏడ్చాను.