మా బావ మోకాళ్ల పరిశోధన

పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో నాకు పెద్ద చదువులు చదివినవాళ్లంటే విపరీతమైన గౌరవం ఉండేది. పేరు వెనక అక్షరాలు ఎంత ఎక్కువైతే అంత నిజం చెబుతారని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకాన్ని వదిలించి పుణ్యం కట్టుకున్నవారు మా బావకు గైడుగా ఉన్న ప్రొఫెసరుగారు. ఏ కాగితం తీసుకెళ్లినా చదవకుండానే ‘పర్లేదు, కానివ్వు’ అనేవారట. అందుకని విద్యార్థులు ఆయన్ని చాటుగా ‘పర్లేదు సారు’ అని పిలుచుకునేవారు.

బావ అంటే మా మేనత్త కొడుకు. అత్తయ్యావాళ్లు మామయ్య రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్ మెట్టుగూడలో స్థిరపడ్డారు. నా మకాం వాళ్లింట్లోనే. బావ డాక్టరీలో పై చదువు చదువుతున్నాడు. మోకాలి నొప్పికి వచ్చిన ఓ కొత్త గుళిక నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చి థీసిస్ రాయాలి. అది ఒప్పుకుంటేనే పట్టా, పట్టా వస్తేనే ఉద్యోగం. మామయ్య రిటైరయ్యారు కాబట్టి ఇల్లంతా ఆ ఉద్యోగం కోసమే కాచుకుని ఉంది. సగంమందికి అసలు మందు, మిగతావాళ్లకు అదే రంగు గుళికలో ఉత్త పిండి ఇచ్చి పోల్చి చూడాలి. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకు తెలియకూడదు. మొత్తం ఎంతమంది కావాలని అడిగితే సారు కిటికీలోంచి బయటికి చూస్తూ, కిందటేడు అబ్బాయి ఎంతమందిని పెట్టాడో అంతమందినే పెట్టమన్నారట. (దానికి లెక్క కట్టే పద్ధతి ఒకటుందని బావ పుస్తకంలో చదివాడు. ఆ పుస్తకం రాసింది సారు కాదు కాబట్టి చెల్లలేదు.)

ఆసుపత్రికి వచ్చే రోగులు ఒకసారి కనిపించి మళ్లీ కనిపించేవారు కాదు. చివరికి బావ మా చర్చిలోని పెద్దవాళ్లను అడిగాడు. పాస్టరుగారు ఆదివారం ఆరాధన అయ్యాక సంగతంతా వివరించారు. సగంమందికి పిండే వస్తుందనీ దాచలేదు. అందరూ సరేనన్నారు. ఇక వాళ్లను చీటీలు తీసి రెండు జట్లు చేయాలి. సారుకు అంత ఓపిక ఏది?

“మీ చర్చిలో మగవాళ్లు ఒకపక్క, ఆడవాళ్లు ఒకపక్క కూర్చుంటారు కదయ్యా. మళ్లీ విడదీయడం దేనికి? మగవాళ్లకు మందు, ఆడవాళ్లకు పిండి. పర్లేదు, కానివ్వు” అన్నారు. అది తాను కనిపెట్టిన పద్ధతని మరో ఇద్దరు విద్యార్థులకు గొప్పగా చెప్పుకున్నారు కూడా.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. మగవాళ్లలో ఎంతమందికి నొప్పి తగ్గిందో ఆడవాళ్లలోనూ అంతమందికే తగ్గింది. మందు ఎంతో పిండీ అంతే. బావ బెంబేలెత్తి సైకిలెక్కాడు, వెనక క్యారియర్ మీద నేను. మొదటి ఇంట్లోనే, రిటైరైన టీచరమ్మగారు కాఫీ చేతికిస్తూ అసలు సంగతి చెప్పారు. “ఆయనకు మందొచ్చిందో, నాకొచ్చిందో తెలీదు కదా బాబూ. ఒకళ్లకు మొత్తం పిండే పోవడం ఎందుకని రెండు సీసాలూ ఒకే డబ్బాలో పోసేశాను. రోజూ చెరొకటి వేసుకుంటున్నాం.” పక్కనే పేపరు చదువుకుంటున్న వాళ్లాయన, పెళ్లయిన దగ్గర్నించీ తమకు అన్నీ ఉమ్మడేనని నింపాదిగా వివరించారు. తర్వాతి ఇళ్లలోనూ ఇదే వరస. ఒకచోట చుట్టపుచూపుగా వచ్చిన వియ్యపురాలికీ ఆ డబ్బాలో వాటా దక్కింది.

ఇంత విన్నా సారు నొసలు ముడవలేదు. నొప్పి తగ్గిన ఆడవాళ్లంతా మధ్యలో మానేశారని రాసి తీసేయమన్నారు. అప్పుడు మందూ గెలుస్తుంది, బావా గెలుస్తాడు. లేదంటే ఆర్నెల్లు వెనకబడతాడు. భోజనాల దగ్గర అత్తయ్య, అంత పెద్దాయన చెప్పాక నీకేమిట్రా బాధ అని కొడుకును నిలదీసింది. బావ అన్నం కలుపుతూ తలెత్తకుండా అన్నాడు: “వాళ్లు మానలేదమ్మా. ఆదివారం ఆ టీచరమ్మగారి పక్కన కూర్చునే కదా నువ్వు పాడేది. ఆవిడ మానేసిందని నేనెలా రాయను?” అత్తయ్య మజ్జిగ పోసింది.

బావ ఆర్నెల్లు వెనకబడ్డాడు. ఈసారి చీటీలు తీశాడు, ఇంటికి ఒక్కరినే తీసుకున్నాడు. దాంతో మనుషులు సగమైపోతే నేరేడ్‌మెట్ దాకా తిరిగి వేరే చర్చిలవాళ్లను బతిమాలుకున్నాడు. ఇంతా చేస్తే తేలిందేమిటంటే, ఆ గుళిక పిండి కంటే ఏమాత్రం మెరుగు కాదని. ఇంత తిరిగి ఏమీ లేదని కనిపెట్టావా అని సారు పెదవి విరిచారు. (సంతకం మాత్రం అలవాటు ప్రకారం చదవకుండానే పెట్టారు.) బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఒప్పుకున్నారు, పట్టా వచ్చింది.

నేను ఆనందం పట్టలేక దాన్ని వార్తగా రాసి మా చీఫ్ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూశారు. “ఏంది బై ఇది? మందు పనిజెయ్యలేదని రాసినవ్. ఏం గానిది వార్తెట్లయితది? జెర పనిజేసే మందుంటె పట్కరా, ఫోటో సుత ఏద్దాం.” పర్లేదు సారును ఆయన జన్మలో చూసి ఉండరు. చూసి ఉంటే మాత్రం ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యేవారు. మందు గెలిచిందని తేలితే ఒకరు ఫోటోలో నవ్వేవారు, మరొకరు దాన్ని మొదటి పేజీలో వేసేవారు.

అయినా, రాత్రికి చీఫ్ మనసు మారి ఉంటుందని నాకో ఆశ. మర్నాడు తెల్లవారకముందే సికింద్రాబాద్ స్టేషన్ ముందు పేపర్ల కట్టలు విప్పేచోట నిలబడి, ఆఫీసులో ఊరికే ఇచ్చే పత్రికను కొనుక్కుని మరీ వెతికాను. పెళ్లి ప్రకటనల దాకా చదివాను, ఎక్కడా లేదు. పనిచేయని మందు సంగతి జనానికి తెలిసి తీరాలని అంత చీకట్లో లేచి వచ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు నేను దేనికోసమూ అంత పొద్దున్నే లేవడం లేదు.