కోట ఆటలోకి ఆలస్యంగా

పోయిన వారం ఆత్మకూరులో మా ఎదురింటి నర్సమ్మగారు ఉదయగిరి వెళ్ళొస్తూ నాకొక పొట్లం తెచ్చారు. విప్పితే నాలుగు చెక్క గరిటెలు. ఇంకా నూనె పట్టించని పచ్చి చెక్క వాసన గుప్పుమంది. ఒకటి చేయి జారి స్టీలు పళ్ళెంలో పడి టకటకా దొర్లింది. ఆ చప్పుడు వినగానే ఎస్తేరు మేడమ్ నా ఎదుట చాప మీద కూర్చున్నట్టే అనిపించింది. నర్సమ్మగారు రిటైరై ఈమధ్యే మా వీధిలో దిగారు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "మీ ఆదివారం ఆటలో ఇప్పుడు చేరితే కుదురుతుందాండీ? ఎన్నో ఏళ్ళ కథంట కదా, నాకేం తలకెక్కుతుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ అచ్చంగా ఇదే అన్నాను.

తొంభై నాలుగులో నన్ను లెక్కల టీచరుగా ఉదయగిరికి వేశారు. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. ఎస్తేరు మేడమ్ అదే బడిలో సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడు క్లాసుల అవతలికి వినపడేది. ఆవిడ ఇంటి పక్క వాటాలోనే నేను అద్దెకు దిగాను. ప్రతి ఆదివారం చర్చి అయ్యి, భోజనాలు ముగిశాక, రెండింటికల్లా ఆవిడ వసారాలో చాప పరిచేవారు. గరిటెలు చెక్కే ఖాదర్ భాయ్, బస్సు కండక్టరు మస్తానయ్య వచ్చి కూర్చునేవారు. ఇక సాయంత్రం దాకా గోడ అవతల నవ్వులూ, అరుపులూ, మధ్యమధ్యలో పళ్ళెంలో ఏదో దొర్లిన చప్పుడూ.

అదేం ఆటో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎప్పుడో మిషన్ బంగళా ఖాళీ చేసి స్వదేశం వెళ్ళిన ఒక దొరల కుటుంబం, పిల్లల ఆటపెట్టె ఒకటి మేడమ్‌కి ఇచ్చి వెళ్ళింది. అందులో బోర్డు లేదు, కాయలు లేవు. ఒక లావాటి ఇంగ్లీషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉన్నాయి. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. "తలుపు మూసుండాది, లోపల ఎవరో దగ్గినారు, ఏం చేస్తావు?" అని మేడమ్ అడిగితే, ఏం చేస్తారో వాళ్ళు చెప్పాలి. అది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడితే జరిగినట్టు. గెలుపోటములు లేవు, కథకి ముగింపూ లేదు. పుస్తకంలోని మంచు కొండలు మేడమ్‌కి నచ్చలేదు. "నెత్తిన ఇంత కోట పెట్టుకోని మంచు దేశం పోవడమేంది?" అని కథంతా మా ఉదయగిరి కొండ మీదికి ఎక్కించేశారు. అందుకే అందరూ దాన్ని కోట ఆట అనేవారు. నేను వెళ్ళేనాటికి ఎనిమిదేళ్ళుగా నడుస్తోంది.

మొదటి వారమే నన్ను పిలిచారు. నేను రానన్నాను. 'ఇప్పుడేం మొదలుపెడతాంలే' అన్నది నా ఊతపదం. సైకిలు తొక్కడం అలాగే రాలేదు. ఎమ్మెస్సీ దరఖాస్తు మూడేళ్ళుగా ట్రంకుపెట్టె అడుగున ఉంది. వాళ్ళ పాత్రలన్నీ కోటలో పేరు మోసినవి, నేను వెళ్ళి ఓనమాలు దిద్దుకుంటూ కూర్చోవాలా? పైగా మేడమ్ వచ్చే మే నెలలో రిటైరవుతారు.

"పది నెలల్లో ఆగిపోయే ఆట మేడమ్. నేనిప్పుడు చేరి ఏం లాభం?" అన్నాను.

"పది నెలల్లోనే టెన్త్ పిల్లోళ్ళకి లెక్కలు నేర్పి పాస్ చేపిస్తా ఉండావే. అప్పుడు చాలిన పది నెలలు ఇప్పుడు చాలవా?"

ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాను. కానీ ఆదివారం వస్తే చెవి గోడకే ఉండేది. వెళ్ళాలని ఉంది, వెళితే నవ్వులపాలవుతానని భయం. మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. నాలుగో ఆదివారం మస్తానయ్య గొంతు గోడ అవతల నుంచి "అయ్యో, చచ్చిపోయిందే! నా బంగారు తల్లి చచ్చిపోయిందే!" అని గొల్లుమంది. నేను చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. వసారాలో మస్తానయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ ఆయన వీపు నిమురుతున్నాడు.

"ఎవరండీ పోయింది?" అన్నాను ఆయాసపడుతూ.

"నా గుర్రం," అన్నాడు మస్తానయ్య. "లోయలో పడింది."

కథలో గుర్రం! ఒళ్ళు మండి వెనక్కి తిరగబోయాను. మేడమ్ చాప మీద కాస్త జరిగి చోటిచ్చారు. "వచ్చినావు గదా, కూర్చో. ఒక్కటే అడగతాను. ఈ ఎనిమిదేళ్ళూ కోటలో ఎక్కడుండావు?"

"నేను లేను కదండీ. ఇప్పుడేగా వచ్చింది."

"అట్ట కుదరదు. ఈ ఆటలోకి బయటనించి ఎవురూ రారు. అందురూ మొదటినించీ ఉండారు. మిగిలినోళ్ళు చూసుండరు, అంతే. ఎక్కడుండావో చెప్పు."

నోటికొచ్చింది అనేశాను, "వంటశాలకి నీళ్ళు మోసే మనిషినండీ" అని.

ఖాదర్ భాయ్ ఎగిరి మోకాళ్ళ మీద లేచాడు. "అయితే నా పాలల్లో విషం కలిపినోణ్ణి నువ్వు చూసుండాల! ఐదేళ్ళుగా యెతకతా ఉండాను చిన్న టీచరమ్మా!"

ఏ విషం, ఏ పాలు అన్నాను. ఇద్దరూ ఒకేసారి చెప్పబోయి, ఒకరిది ఒకరు కాదని పోట్లాడుకున్నారు. ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్కు తెచ్చుకుని, ఎవరు ఏం చెబితే అది రాసుకోవడం మొదలుపెట్టాను. ఆలస్యంగా వచ్చినందుకు నాకు ప్రతిదీ అడగాల్సి వచ్చేది. నేను అడగబట్టి వాళ్ళకి సగం గుర్తొచ్చేది. ఎవరికి వారు తమ పాత్రకు జరిగిందే గుర్తు పెట్టుకున్నారని నాకు తొందరలోనే తెలిసింది.

రెండు నెలలకు పాచిక మీద అనుమానం పుట్టింది. పెట్టెలో వచ్చిన అసలు పాచికను మొదట్లోనే పక్కింటి మేక మింగేస్తే, ఖాదర్ భాయ్ గుర్తున్నమేరకు చెక్కతో ఇంకొకటి చెక్కాడు. నున్నగా ముచ్చటగా ఉండేది. అయితే అంకెలన్నీ వరసగా చుట్టూ చెక్కేశాడు. చిన్నవన్నీ ఒక పక్క, పెద్దవన్నీ ఒక పక్క. పైగా పెద్ద అంకెల వైపు చెక్కలో గట్టి ముడి ఒకటి. బరువైన ఆ పక్క ఎప్పుడూ కిందికి పోయి చిన్నవే పైకి తేలేవి. లెక్కల టీచర్నైనా, నోరు విప్పడానికి రెండు వారాలు పట్టింది. కొత్తగా వచ్చినదాన్ని, పాతవాళ్ళ పాచికకు వంక పెట్టడమా అని. చివరికి వంద సార్లు వేసి, కాగితం మీద రాసి చూపించాను.

ఖాదర్ భాయ్ ముఖం ముడుచుకుంది. "ఎనిమిదేళ్ళుగా ఎవురూ అనలా."

"మనకు అలవాటైపొయ్యుండాది భాయ్," అన్నారు మేడమ్. "అలవాటు లేని కంటికే కనపడింది. ఇంకోటి చెక్కు."

మస్తానయ్య మాత్రం లేచి నిలబడ్డాడు. "ఆ పాచికతోనే నా గుర్రం చచ్చింది టీచరమ్మా! దానికి న్యాయం జరగాల!"

"జరిగింది మార్చేది లేదు. కూర్చోరా," అన్నారు మేడమ్. ఆయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ కొత్త పాచిక తెచ్చి, నాతోనే అంకెలు గుర్తు పెట్టించుకుని చెక్కాడు. చాప మీద ఆ చోటు నాదేనని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

సంక్రాంతి సెలవులయ్యాక మేడమ్ గొంతు పోయింది. ముప్పై ఏళ్ళు బోర్డు దగ్గర అరిచిన గొంతు, ఇకమీదట గుసగుసకు మించి వాడొద్దన్నాడు డాక్టరు. బడిలో ఎలాగో నెట్టుకొచ్చారు గానీ, మూడు గంటలు కథ చెప్పడం ఇక కుదరదు. కోట ఆట ఆగిపోతుందని అందరికీ తెలుసు. మొదట ఖాదర్ భాయ్ చెబుతానన్నాడు. ఆయన కథలో ఖాదర్ భాయ్ వీరుడు తప్ప ఇంకెవరూ లేరు. తరవాత మస్తానయ్య చెప్పాడు. పది నిమిషాల్లో గుర్రం లేచి వచ్చేసింది. ఖాదర్ భాయ్ చాప మీదినుంచి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు స్టాఫ్ రూములో మేడమ్ నా నోట్‌బుక్కు అడిగి తీసుకున్నారు. పీరియడ్ అంతా చదివారు. మూసి, నా చేతిలో పెట్టి, గుసగుసగా అన్నారు, "నాకే గుర్తులేనివి ఉండాయి ఇందులో. కథంతా నీ దగ్గరే ఉండాది. నువ్వే చెప్పాల."

"వచ్చి ఏడాది కూడా కాలేదండీ. వాళ్ళు ఎనిమిదేళ్ళ నుంచి..."

"మళ్ళీ అదే మాటా?"

ఆవిడ కోపంగా అనలేదు. కానీ నాకు సిగ్గేసింది. ఆ ఆదివారం మేడమ్ కూర్చునే గోడ పక్క చోటులో నేను కూర్చున్నాను. నోట్‌బుక్కు ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాను. ఖాదర్ భాయ్, మస్తానయ్య ఎడమొహం పెడమొహంగానే వచ్చారు. మేడమ్ లోపలినుంచి మజ్జిగ తెచ్చి అందరికీ ఇచ్చి, ఎన్నడూ లేనిది, ఆడేవాళ్ళ వరసలో, నాకెదురుగా కూర్చున్నారు. ఎనిమిదేళ్ళకు పైగా ఆట నడిపిన మనిషికి అందులో ఒక పాత్ర కూడా లేదని నాకప్పుడు తట్టింది. మా అందరికంటే ఆలస్యంగా వచ్చింది ఆవిడే.

నోట్‌బుక్కు మూసి పక్కన పెట్టాను. "ఇన్నేళ్ళూ కోటలో ఎక్కడున్నారు మేడమ్?" అన్నాను.

ఆవిడ గుసగుస వినడానికి ముగ్గురం ముందుకు వంగాం.

"నీ వెనకాలే. రెండో బిందె నేనే మోస్తా ఉండాను. నువ్వే తిరిగి చూళ్ళా."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పాచిక వేయమని మస్తానయ్యే తొందరపెట్టి నన్ను బయటపడేశాడు.

మేడమ్ రిటైరై ఆత్మకూరులో చెల్లెలి దగ్గరికి వచ్చేశాక కూడా ఆదివారాలు మస్తానయ్య బస్సెక్కి ఉదయగిరి వచ్చేవారు. బతికున్నంత కాలం ఆ రెండో బిందె దించలేదు. తరవాత బదిలీ మీద నేనూ ఆత్మకూరు వచ్చాను, ఆట ఇప్పుడు మా ఇంట్లోనే. నేను ఎమ్మెస్సీ నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా పూర్తి చేశాను, సైకిలు వదిలేసి నేరుగా స్కూటరే నేర్చుకున్నాను. నోట్‌బుక్కులు ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి. ఏ కొత్త పనికైనా గుమ్మం దగ్గర కాళ్ళు తటపటాయిస్తే, వెనకాల ఒక మనిషి బిందెతో నడుస్తున్నట్టే ఉంటుంది నాకు.

నిన్న ఆదివారం నర్సమ్మగారు వచ్చారు, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే నిలబడ్డారు. నేను చాప మీద కాస్త జరిగాను.

"కూర్చోండి," అన్నాను. "ఒక్కటే అడుగుతాను."